వెల లేని ముక్క

నన్ను గోటితో గీరకండి. గీరారంటే ఈ పసుపు, ఈ దారం, ఈ బంగారు అచ్చు అన్నీ లేచిపోయి, అడుగు నుంచి హెల్మెట్ పెట్టుకున్న ఓ హాకీ ఆటగాడు తొంగిచూస్తాడు. ఆయన నా పూర్వజన్మ.

నేను మొదట పుట్టింది 1990-91 సీజన్‌లో. మంచు మీద ఆడే హాకీ అంటే కెనడా వాళ్ళకు ప్రాణమని మీకు తెలిసే ఉంటుంది. ఆటగాళ్ళ బొమ్మల కార్డుల మీద అప్పటికి జనానికి పిచ్చి ముదిరి ఉంది. పెట్టెలకు పెట్టెలు కొని, సీలు విప్పకుండా అటకెక్కించేవాళ్ళు. పిల్లలు కాలేజీకొచ్చేసరికి ఫీజులకు పనికొస్తాయని ఆశ. పాత కార్డులకు ధర ఎందుకు పలికింది? ఆ కాలం పిల్లలు వాటిని సైకిలు చువ్వల మధ్య గుచ్చి టకటకలాడించి, జేబుల్లో నలిపి, చివరికి అమ్మల చేత చెత్తలో వేయించుకోగా ఏవో కొన్ని మిగిలాయి కాబట్టి. అందరూ దాచడం మొదలుపెట్టాక దాచినదానికి విలువెక్కడిది? పైగా ఆ సీజన్‌లోనే కొత్త కంపెనీలు రంగంలోకి దిగి కుప్పలుతెప్పలుగా అచ్చేశాయి. ఆ కుప్పలో నేనొకదాన్ని. నా మీద ఉన్నాయనేమో మంచు మీద కన్నా బెంచీ మీదే ఎక్కువ కనిపించే రకం.

మా జాతిలో కోటీశ్వరులు లేకపోలేదు. ఎడ్మంటన్ జట్టుకు ఆడిన వేన్ గ్రెట్‌స్కీ తొలి కార్డు, 1979 నాటిది, 2021లో 37.5 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. మూలలు నలగలేదు, అంచులు చెదరలేదు, పరీక్షించినవాళ్ళు పదికి పది మార్కులు వేశారు. అలాంటి కార్డును ఇక ఎవరూ చేత్తో ముట్టుకోరు. గట్టి ప్లాస్టిక్ పలకలో బిగించి, బీమా చేయించి, లాకర్లో పెడతారు. నాకా బెంగ లేదు. నా మూలలు ఎప్పుడో మెత్తబడ్డాయి.

కాల్గరీలో ఎండలొస్తే ఇళ్ళ ముందు గ్యారేజ్ సేల్స్ మొదలవుతాయి. అక్కడ చెప్పుల పెట్టెలో కిక్కిరిసి ఉన్న మమ్మల్ని పెట్టెతో సహా కొన్నది ఒక తెలుగావిడ. రాజమండ్రి నుంచి వచ్చి స్థిరపడ్డ మనిషి. ఆటగాళ్ళెవరో ఆవిడకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఒక్కొక్కరినీ స్కేలుతో కొలిచి, అట్ట వంచి చూసి, సంతృప్తిగా తలాడించింది.

ఆవిడకు కావలసింది ఆ కొలతే. 2.5 అంగుళాలు ఇటు, 3.5 అంగుళాలు అటు. మిల్లీమీటర్లలో 64, 89. 1957లో అమెరికాలో టాప్స్ కంపెనీ తన బేస్‌బాల్ కార్డులను ఆ కొలతకు తగ్గించిన దగ్గర్నుంచి ఆటల కార్డులన్నిటికీ అదే ప్రమాణమైంది. తొమ్మిది జేబుల ప్లాస్టిక్ షీట్లు కూడా దానికి తగ్గట్టే వచ్చాయి. ఆ కొలతనే స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ నగరంలో ఎం. వాంచీ స్టిర్నెమాన్ అనే కళాకారుడు పట్టుకున్నాడు. చేత్తో 1,200 కార్డులు చేసి, 1997లో తన పాత పుస్తకాల దుకాణంలో ప్రదర్శనకు పెట్టాడు. కొంటామన్నవాళ్ళకు ఆయన చెప్పిన మాట ఒకటే: మీరూ ఒకటి చేసి తీసుకురండి, మార్చుకుందాం. ఆర్టిస్ట్ ట్రేడింగ్ కార్డు అలా పుట్టింది. ఏటీసీ అని ముద్దుపేరు. అదే ఏడు కాల్గరీ కళాకారుడు డాన్ మేబీ జ్యూరిక్ వెళ్ళి ఈ వ్యవహారం చూసి, దాన్ని తన ఊరికి మోసుకొచ్చాడు. చక్ స్టేక్ అనే మారుపేరుతో ప్రపంచమంతటికీ ఉత్తరాల్లో బొమ్మలు పంపే మనిషి ఆయన. 1960లలో రే జాన్సన్ అనే అమెరికన్ న్యూయార్క్ కరస్పాండెన్స్ స్కూల్ పేరుతో నడిపిన పోస్టు చిత్రాల వరసలోవాడు. అలాంటివాడికి ఈ మార్పిడి నచ్చకపోతే ఆశ్చర్యపోవాలి గానీ, నచ్చడంలో వింతేముంది?

ఇక నా రెండో పుట్టుక సంగతి. మొదట గరుకు కాగితంతో ఆవిడ నా మొహం రుద్దింది. సుఖమైన పని కాదది. కానీ హాకీ కార్డు మీద ఉండే నునుపు పోకపోతే రంగు పట్టుకోదు, ఎండాక పొరలు పొరలుగా రాలిపోతుంది. తర్వాత జెస్సో పూసింది. సుద్ద కలిసిన తెల్లటి ఏక్రిలిక్ పూత అది. ఆరాక కొంచెం గరగరలాడుతుంది, పైన ఏం వేసినా పట్టి ఉంచుతుంది. ఆటగాడి భుజాలు, కర్ర, పళ్ళు లేని నవ్వు ఒక్కొక్కటే మంచులో కూరుకుపోయాయి. ఒకవైపే పూస్తే అట్ట గిన్నెలా వంగుతుంది, అందుకని వీపుకూ పలచగా ఒక చేయి వేసింది. రాత్రంతా నిఘంటువు కింద పడుకున్నాను.

మర్నాడు ఇంటి నుంచి తెచ్చుకున్న పాత శుభలేఖల కట్ట విప్పింది. మీద వినాయకుడి బొమ్మ ఉన్న సగాన్ని పక్కన పెట్టింది. దేవుడి మీద కత్తెర ఆడించడానికి చెయ్యి రాలేదు. కత్తిరించింది లోపలి పేజీ. అందుకే నా ఎడమ భుజం మీద ‘సపరివారముగా’ అని బంగారు అక్షరాలుంటాయి. ఎవరి పెళ్ళో, ఎక్కడికి రమ్మంటున్నారో మాత్రం నా మీద లేదు. శుభలేఖ మూలకు అంటిన పసుపు కూడా నాతో వచ్చేసింది. పసుపు రంగు ఎండకు నిలవదు. మొదట్లో ఉన్న కళ ఇప్పుడు సగమే ఉంది, నన్ను కిటికీ పక్కన పెట్టినవాళ్ళదే ఆ పుణ్యం.

మధ్యలో గోదావరి వంతెన. దాన్ని అతికించలేదు, దింపింది. లేజర్ ప్రింటరులో తీసిన ఫొటోను జెల్ మీడియం పూసిన నా మీద బోర్లా పరిచి, బాగా ఆరాక తడివేలితో రుద్దుతూ పోతే కాగితం పొట్టులా ఊడి వస్తుంది. టోనరు మాత్రం జెల్‌లో ఉండిపోతుంది. ఓపిక లేనివాళ్ళు గట్టిగా రుద్ది వంతెనకు చిల్లు పెడతారు. ఆవిడకు ఓపికుంది. కానీ బోర్లా వేస్తే బొమ్మ ఎడమ కుడి తారుమారవుతుంది కదా! నా మీద రాజమండ్రి ఉండాల్సిన చోట కొవ్వూరుంది. కాల్గరీలో అది పట్టుకోగల మనిషి ఆవిడొక్కతే, ఆవిడా పట్టించుకోలేదు. చివరగా కుట్టుమిషను మీద ఎర్రదారంతో అంచు కుట్టింది. ఒక గుండీ కూడా పెట్టబోయి ఆగింది. గుండీ పెడితే ప్లాస్టిక్ జేబులో దూరను. కార్డులు మార్చుకునే బల్లల దగ్గర చూశాను, గవ్వలూ తాళంచెవులూ గడియారపు చక్రాలూ మోస్తూ ఎందులోనూ ఇమడలేక తిరిగే కార్డులను. అవి కార్డులు కావు, కదిలే సామాన్ల కొట్లు.

దారం తెంపుతుండగా రాజమండ్రి నుంచి వాళ్ళమ్మ ఫోను.

“ఏం చేస్తున్నావే?”

“కార్డులు చేస్తున్నానమ్మా.”

“ఎంతకమ్ముతావు?”

“అమ్మకూడదు. మనదొకటి ఇచ్చి వాళ్ళదొకటి తెచ్చుకోవాలి.”

“పాతబట్టలకి స్టీలు గిన్నెలా? ఆ బేరమైతే నన్ను పంపు, నీకు చేతకాదు.”

నిజంగా అక్కడ బేరమే లేదు, పెద్దావిడకు ఎవరు చెప్పాలి! బల్లల చుట్టూ కూర్చుంటారు. ఎవరి కట్ట వాళ్ళ ముందుంటుంది. పక్కవాళ్ళ చేతికి మన కట్టిచ్చి, వాళ్ళది మనం తీసుకోవాలి. వాళ్ళు ఒకటి తీసుకుంటారు, మనం ఒకటి తీసుకుంటాం. ఒకటికి ఒకటే. ఆర్ట్ కాలేజీలో పాఠం చెప్పేవాడి నీటిరంగుల కొండకు, ఎనిమిదేళ్ళ పిల్లాడు బాల్‌పెన్నుతో గీసిన రోబో సమానం. పేరున్నవాడికి రెండు, లేనివాడికి ఒకటి అనే లెక్క లేదు. వీపు మీద సంతకం, తేదీ, పేరు, ఒకే రకానివి కొన్ని చేస్తే ఎన్నింట్లో ఎన్నోదో ఆ అంకె రాస్తే చాలు. పోస్టులో మార్చుకునేవాళ్ళూ బోలెడుమంది ఉన్నారు గానీ, ఎదురెదురుగా కూర్చుని మార్చుకోవడమే స్టిర్నెమాన్ మొదలుపెట్టిన పద్ధతి. నా ఓటూ దానికే. కవరులో వెళ్ళినదానికి తనను చూసి ఎవరి కళ్ళు ఆగాయో ఎలా తెలుస్తుంది?

నా మీద ఆగిన కళ్ళు పోస్టాఫీసులో పనిచేసి రిటైరైన ఒక ముసలాయనవి. రబ్బర్లు చెక్కి అచ్చులు చేస్తాడాయన. నన్ను తిరగేసి, వీపు మీద జెస్సో పలచబడిన చోట కళ్ళద్దాలు పైకి తోసి చూశాడు. ఆ ఏడు ఆటగాడు కొట్టిన గోల్స్ లెక్క అక్కడ మసకగా కనిపిస్తుంది. ఒంటి చేతి వేళ్ళకు మించవు.

“కింద ఉన్నదెవరు?” అన్నాడు.

“చూడకుండానే పూసేశాను” అంది ఆవిడ.

“మంచి పని చేశావు. వాడి ఆట నేను చూశాను” అని నన్ను తీసుకున్నాడు. బదులుగా ఇచ్చింది ఆల్బర్టా రోడ్ల పటం ముక్క మీద అచ్చేసిన మ్యాగ్‌పై. కాల్గరీలో ఏ చెట్టు చూసినా ఉండే పొడుగుతోక పిట్ట.

మమ్మల్ని అమ్ముకునేవాళ్ళు లేరా అంటే ఉన్నారు. అదే కొలతలో చేసి, ఏసీఈవో అని వేరే పేరు పెట్టి, ఆన్‌లైన్ వేలాల్లో పెడతారు. వాళ్ళను నేను తప్పుపట్టను. బొమ్మలేసి బతికేవాళ్ళకు ఇంటద్దె కట్టాలి, మ్యాగ్‌పై పిట్టనిస్తే ఇంటి ఓనరు తీసుకోడు. వేరే పేరు పెట్టుకోవడమే పెద్దమనిషి తరహా. కానీ ధర వచ్చిన చోట మొదట ఆగిపోయేవాడు ఆ రోబో పిల్లాడు. హాకీ కార్డుల దుకాణంలో చూశాను, వాడి ఈడు పిల్లలు కార్డు చూడకముందు ధరల పుస్తకం చూస్తారు.

ఇప్పుడు నా నివాసం ముసలాయన బైండరులో, తొమ్మిది జేబుల షీటులో నడిమిది. ప్రతి నెలా బల్ల దగ్గరకు మోసుకెళ్ళి అందరికీ చూపిస్తాడు, నన్ను మాత్రం మళ్ళీ మార్చడు. పరాయివాళ్ళ కార్డు మార్చకూడదని ఆయన పట్టు. అక్కడే ఈమధ్య ఒక తగువు లేచింది. ఆవిడ మ్యాగ్‌పై కార్డును వాళ్ళమ్మకు పంపిందట. పెద్దావిడ ఊరుకోకుండా జాకెట్టు ముక్కలు, చమ్కీలు, పాత చీర జరీ అంచు కలిపి తనూ ఒకటి చేసి, ఆవకాయ పార్సెల్లో పెట్టి పంపింది. బ్రహ్మాండంగా ఉంది. అయితే వెడల్పు అర అంగుళం ఎక్కువ. జేబులో దూరదు.

కొలతొక్కటే కదా మనకున్న గట్టి నియమం, దాన్నీ వదిలేస్తే ఎలా అని కొందరు. అంచు కాస్త కత్తిరిస్తే సరి అని కొందరు. ఆవిడ అక్కడి నుంచే ఫోను కలిపింది.

“అమ్మా, పక్కన కొంచెం తీసేయనా?”

“జరీ మీద కత్తెర పెట్టావో, ఇక ఆవకాయ మర్చిపో.”

తీర్పు వచ్చే నెలకు వాయిదా పడింది. ఈలోగా ఆ కార్డును పట్టుకెళ్ళడానికి అప్పుడే పోటీ మొదలైంది, ముసలాయన అందరికన్నా ముందున్నాడు. అర అంగుళం ఎక్కువున్న జేబు ఒకటి కుట్టించాడు కూడా. బదులుగా ఏమివ్వబోతున్నాడో నాకు తెలుసు, నిన్న రబ్బరు చెక్కుతుంటే బైండరు తెరిచే ఉంది. గోదావరి వంతెన చెక్కుతున్నాడు, నన్ను చూసి. అచ్చు పడితే తిరగబడుతుంది కాబట్టి, ఈసారి రాజమండ్రి సరైన వైపే వస్తుంది.