ఎదురుచూపుకు ఎస్కలేటర్

2023 ఆగస్టు 6, ఆదివారం. దేశం మొత్తం మీద 508 రైల్వే స్టేషన్లకు ఒక్క ముహూర్తానికే శంకుస్థాపన జరిగిపోయింది. ప్రధానమంత్రి ఢిల్లీలో మీట నొక్కితే 508 ఊళ్లలో పని మొదలైనట్టే లెక్క. పంచాంగం తిరగేసే అలవాటున్నవాళ్లకు అది అధిక శ్రావణ మాసమని తెలుసు. ఆ నెలలో కోనసీమలో పశువుల పాకకు గుంజ పాతడానికైనా జంకుతారు. రైల్వేవారు మాత్రం జంకలేదు. ఆలోచిస్తే అమృత్ భారత్ స్టేషన్ల పథకానికి అధిక మాసమే తగిన ముహూర్తం అనిపిస్తుంది. అధిక మాసం క్యాలెండరులో నిండుగా ముప్పై రోజులు ఉంటుంది, ఏ శుభకార్యానికీ అక్కరకు రాదు. కొత్త స్టేషను కూడా ఫొటోలో నిండుగా ఉంటుంది, బండి ఎప్పుడొస్తుందన్న ప్రశ్నకు అక్కరకు రాదు.

ఈ పథకంలోకి దేశంలో 1,300 పైచిలుకు స్టేషన్లు ఎక్కాయి. ఆంధ్రప్రదేశ్‌లో తొలి జాబితాలో 72. రాజోలు నుంచి చూస్తే వశిష్ఠ దాటగానే నర్సాపురం ఉంది, దాని వెనక భీమవరం టౌన్ ఉంది, గౌతమికి ఆవల కాకినాడ టౌన్, సామర్లకోట, రాజమండ్రి, ఇంకా పైన తుని ఉన్నాయి. గౌతమికీ వశిష్ఠకీ నడుమ ఉన్న సీమలో మాత్రం ఒక్క పేరూ లేదు. ఇందులో వివక్ష ఏమీ లేదు, పాపం. స్టేషన్ ఉంటేనే కదా పునరభివృద్ధి చేస్తారు! అమలాపురం, రాజోలు, కొత్తపేట వాసులు స్టేషను కోసం అర్జీ పెట్టుకోవాలంటే ముందు పట్టాలు ఉండాలి, పట్టాలు ఉండాలంటే ముందు వంతెనలు ఉండాలి. వంతెనలు ఉండాలంటే ఇంకేం ఉండాలో ఇరవై ఐదేళ్లుగా ఎవరూ తేల్చి చెప్పడం లేదు.

ఇంతకీ పునరభివృద్ధిలో ఏం ఇస్తున్నారు? ఎస్కలేటర్లు, లిఫ్టులు, స్థానిక కళ ఉట్టిపడే ముఖద్వారం, విశాలమైన వెయిటింగ్ హాళ్లు, కార్లు పెట్టుకోవడానికి జాగా, తినుబండారాల దుకాణాలు, 'వన్ స్టేషన్ వన్ ప్రొడక్ట్' స్టాలు, పెద్ద ఊళ్లలో అయితే పట్టాల మీదుగా పైకప్పు మీదే ఒక బజారు. ఈ జాబితాను ఒకటికి రెండుసార్లు చదవండి. వీటిలో ఏ ఒక్కటైనా బండిని ఒక్క నిమిషం ముందుగా తెస్తుందా? ఒక్క జనరల్ పెట్టె అదనంగా తగిలిస్తుందా? ఇవన్నీ బండి ఇంకా రానివాళ్లకు ఇచ్చే మర్యాదలు. పెళ్లికొడుకు బయలుదేరాడో లేదో తెలియదు గానీ విడిదింట్లో పన్నీరు జల్లుతున్నారు. కోవిడ్ తర్వాత ప్యాసింజర్ బండ్లకు 'స్పెషల్' అని పేరు మార్చి పది రూపాయల కనీస చార్జీని ముప్పై చేశారు, మళ్లీ పదికి దించడానికి 2024 ఫిబ్రవరి దాకా ఆగారు. అంటే ముహూర్తం పెట్టి స్టేషనుకు అమృతం పోస్తున్న రోజుల్లోనే ఆ స్టేషనులో ఆగే పేదవాడి బండికి మూడింతల టిక్కెట్టు కొట్టారు. బాగుపడింది ప్రయాణం కాదు, ఎదురుచూపు.

ఎదురుచూపే కొలమానమైతే దేశంలో రాజోలును మించిన స్టేషన్ లేదు. కోనసీమ రైలు కథ కాకినాడ నుంచి మొదలవుతుంది. కాకినాడ నుంచి కోటిపల్లికి 1928లో పట్టాలు వేశారు. పన్నెండేళ్లకు రెండో ప్రపంచ యుద్ధం అవసరాలకని వాటిని పీకి పట్టుకుపోయారు. ఈ మార్గం చరిత్రలో చకచకా జరిగిన పని అదొక్కటే. పీకిన పట్టాలు తిరిగి వేసి బండి నడపడానికి 2004 దాకా, అంటే అరవై ఏళ్లకు పైగా పట్టింది. ఆ వచ్చిన బండి కూడా ఒంటిపెట్టె రైలు బస్సు, కోవిడ్ నాడు ఆగిపోయింది. ఆ కోటిపల్లి నుంచి అమలాపురం, రాజోలు మీదుగా నర్సాపురానికి 57 కిలోమీటర్ల కొత్త లైను 2000-01 బడ్జెట్‌లో మంజూరైంది. అప్పుడు అమలాపురం ఎంపీ జి.ఎం.సి. బాలయోగి లోక్‌సభ స్పీకర్ కుర్చీలో ఉన్నారు. మనవాడు అంత ఎత్తున కూర్చున్నాడు గనుక రైలు రెండు మూడేళ్లలో వచ్చేస్తుందని సీమంతా నమ్మింది. 2002 మార్చిలో ఆయన హెలికాప్టర్ ప్రమాదంలో పోయారు. ఆ తర్వాత ప్రతి ఎన్నికకూ ఈ లైను ఒకసారి లేచి కూర్చుంటుంది, ఫలితాలు రాగానే పడుకుంటుంది. అంచనా వ్యయం పెరిగి 2,120 కోట్లయింది. గౌతమిలో కొన్నాళ్లకు స్తంభాలు లేచాయి. కోటిపల్లి రేవులో నిలబడి చూస్తే ఆ చివర నుంచి ఈ చివర దాకా వరసగా కనిపిస్తాయి. నీటికాకులు వాటి నెత్తిన కూర్చుని రెక్కలు ఆరబెట్టుకుంటాయి. ఇప్పటిదాకా ఆ వంతెన పూర్తి ప్రయోజనం పొందిన ప్రయాణికులు అవే.

కాబట్టి రైల్వే బోర్డుకు ఒక సవినయమైన మనవి. లైను సంగతి తర్వాత చూసుకుందాం, తొందరేం లేదు. ముందు రాజోలుకు ఒక అమృత్ స్టేషన్ ఇప్పించండి. పట్టాలు లేకపోవడం అడ్డు కానే కాదు, ఎంతో సుఖం కూడా. పట్టాలు లేవు కాబట్టి ప్రమాదాలు ఉండవు, సిగ్నల్ లోపాలు ఉండవు, బండి ఆలస్యమైందని తిట్టేవాడు ఉండడు. ముఖద్వారానికి కొబ్బరి గెలల శిల్పం పెట్టండి. వన్ స్టేషన్ వన్ ప్రొడక్ట్ స్టాల్లో శిలాఫలకాలు అమ్ముకుందాం, ఆ సరుకు ఇక్కడ పుష్కలం. ఇది వెటకారమని కొట్టిపారేయకండి, దీనికి అంతర్జాతీయ ప్రమాణం ఉంది. చైనాలో హైనాన్ దీవిలో హాయ్‌తౌ అనే చోట నాలుగు కోట్ల యువాన్లు పోసి హైస్పీడ్ స్టేషన్ కట్టారు. రోజుకు వందమంది కూడా ఎక్కరని, తెరిస్తే ఏటా యాభై లక్షల యువాన్ల నష్టమని లెక్క తేలి ఏళ్ల తరబడి తలుపే తీయలేదు. నాన్జింగ్ లాంటి మహానగరం శివారులోనూ అలాంటి కట్టడం ఉంది. ఇలా కట్టి వదిలేసిన హైస్పీడ్ స్టేషన్లు కనీసం 26 ఉన్నాయని 2024లో చైనా పత్రికలే రాశాయి. తేడా ఒక్కటే. అక్కడ పట్టాలున్నాయి, బండ్లున్నాయి, జనం లేరు. రాజోలులో జనం సిద్ధంగా ఉన్నారు, మిగతావి రెండూ లేవు. రెండు దేశాలూ చేయి కలిపితే ఒక సంపూర్ణమైన స్టేషన్ తయారవుతుంది.

చైనా పేరు ఎత్తగానే ఒక అభ్యంతరం సిద్ధంగా ఉంటుంది. అక్కడ నోరెత్తేవాడు లేడు, రాత్రికి రాత్రి ఊరు ఖాళీ చేయిస్తారు, వాళ్లతో మనకు పోలికేమిటి అని. మాట నిజమే. 2000లో మన లైను మంజూరైన నాటికి ఇప్పటి హైస్పీడ్ లైన్లలో ఒక్కటీ లేని చైనా, 2008లో బీజింగ్ నుంచి తియాన్జిన్‌కు గంటకు 350 కిలోమీటర్ల బండి నడిపి, 2024 చివరికి అలాంటి లైన్లు 48 వేల కిలోమీటర్లు వేసిందంటే అందులో నోళ్లు మూయించిన పాలు కూడా ఉంటుంది. సరే, చైనాను పక్కన పెడదాం. కొంకణ్ రైల్వే ఏ నియంత కట్టాడు? 1990లో జార్జి ఫెర్నాండెజ్ రైల్వే మంత్రిగా ఉండగా కార్పొరేషన్ పెట్టారు, శ్రీధరన్ పగ్గాలు పట్టారు, 1998 జనవరి నాటికి దాదాపు 740 కిలోమీటర్ల లైను మీద బండ్లు తిరిగాయి. దారిలో 91 సొరంగాలు, రెండు వేల దాకా వంతెనలు. కొండరాయి ఒకచోట, జారిపోయే మెత్తని బంకమట్టి ఇంకొకచోట. గోవాలో ఉద్యమాలు జరిగాయి, భూములిచ్చినవాళ్లు వేలల్లో ఉన్నారు. ప్రజాస్వామ్యం ఆ పనికి అడ్డం పడలేదు. బ్రహ్మపుత్ర మీద బోగీబీల్ వంతెనకు 1997లో శంకుస్థాపన చేసి 2018లో తెరిస్తే ఇరవై ఒక్క ఏళ్లా అని దేశం ముక్కున వేలేసుకుంది. కోనసీమ ఆ రికార్డును ఎప్పుడో చడీచప్పుడు లేకుండా దాటేసింది.

రెండో అభ్యంతరం ఇంజనీర్ల నోటి నుంచి వస్తుంది. ఇది లంకసీమ, నేల మెత్తన, గౌతమి, వైనతేయ, వశిష్ఠ మూడు పాయలు దాటాలి, కొబ్బరి తోటల భూమి ఖరీదెక్కువ అంటారు. నేల మెత్తనన్న సంగతి 2000లో తెలియదా? పోనీ, గోదావరి మీద వంతెన ఎంతకాలం పడుతుందో గోదావరినే అడుగుదాం. రాజమండ్రి దగ్గర, ఇంకా పాయలుగా చీలని అఖండ గోదావరి మీద హేవలాక్ వంతెన 1897 నవంబరులో మొదలుపెట్టారు. యాభై ఆరు ఖానాలు. 1900 ఆగస్టుకల్లా బండి నడిచింది, 1997 దాకా నడుస్తూనే ఉంది. అంతకు ముందు 1850లలోనే గన్నవరం దగ్గర వైనతేయ మీదుగా కాలువను దాటించి నగరం సీమకు, అంటే ఈ రాజోలు పొలాలకు, నీళ్లు తెచ్చారు. ఏటి మీద ఏరు నడిచింది, ఆవిరి యంత్రం ఈ వైపు రాకముందే. దొరలకు శిస్తు కావాలి గనుక కట్టారు, ఎవరి మీదా ప్రేమతో కాదు. అయినా నది లోతు దొరకొక రకంగా, మనకొక రకంగా ఉండదు.

భూమి ఖరీదు మాటకొస్తే, ఈ నేల కింది నుంచి గ్యాస్ తీయడానికి, గొట్టాలు పరచడానికి భూమి ఎప్పుడూ కరువు కాలేదు. 1995 జనవరిలో పాశర్లపూడి బావి అంటుకుని రెండు నెలలకు పైగా మండినా గొట్టాలు ఆగలేదు. తాటిపాకలో చిన్న రిఫైనరీ 2001లో మొదలైంది, అంటే రైలు లైను కంటే ఏడాది చిన్నది. 2014 జూన్ 27 తెల్లవారుజామున నగరంలో గెయిల్ గొట్టం పేలి నిద్రలో ఉన్నవాళ్లు కాలిపోయారు. అంత జరిగినా సీమ నుంచి గ్యాస్ బయటికి పోతూనే ఉంది. గ్యాస్‌కు మూడు పాయలూ అడ్డం కావు, మనిషికి మాత్రం మూడూ అడ్డమే. సంక్రాంతికి హైదరాబాదు నుంచి వచ్చే రాజోలు మనిషి ప్రైవేటు బస్సుకు రెండింతలో మూడింతలో పోసి వస్తున్నాడు. అంబాజీపేట కొబ్బరి లారీల మీద ఉత్తరాదికి పోతోంది, డీజిల్ పెరిగినప్పుడల్లా రైతు కాయ ధర తరుగుతోంది. 216వ నంబరు జాతీయ రహదారి ఉందిగా, రైలెందుకు అనేవారు ఈ రెండు లెక్కలూ చూడాలి.

మూడో అభ్యంతరం లెక్కలు తెలిసినవారిది, కాస్త బరువైనది. స్టేషన్ల డబ్బు వేరు, కొత్త లైన్ల డబ్బు వేరు, ఒక పద్దులోది ఇంకో పద్దులోకి పోదు, పైగా కోనసీమ లైనుకు రాష్ట్రం తన వాటా 25 శాతం సరిగా ఇవ్వలేదు అంటారు. రాష్ట్రం వాటా సంగతి ఒప్పుకోవలసిందే. కేంద్రాన్ని అడిగితే రాష్ట్రం వైపు, రాష్ట్రాన్ని అడిగితే కేంద్రం వైపు వేలు చూపడం పాతికేళ్లుగా సాగుతోంది. ఊరు మీద ఊరు పడ్డా కరణం మీద కాసు పడదన్నట్టు నష్టం ఎప్పుడూ ప్రయాణికుడిదే. కానీ పద్దుల మాట వినడానికి సొంపు, నిలవడానికి బలహీనం. పద్దులు ఆకాశం నుంచి ఊడిపడవు, ఏది ముందో ఏది వెనకో మనుషులే రాస్తారు. మొదటి విడత 508 స్టేషన్లకు 24,470 కోట్లన్నారు, సగటున ఒక్కోదానికి 48 కోట్లు. 44 స్టేషన్ల ముస్తాబు ఖర్చుతో కోనసీమ లైను మొత్తం, మూడు వంతెనలతో సహా, పూర్తయ్యేది. ఆ మాట బడ్జెట్ రాసేవారికి తెలియక కాదు. స్టేషన్ ముఖద్వారం ఒకే ప్రభుత్వం హయాంలో మొదలై, అదే హయాంలో పూర్తవుతుంది. మీట నొక్కినవారే రిబ్బను కత్తిరించవచ్చు. 2025 మే 22న 103 స్టేషన్లు అలాగే ఒక్కసారి ప్రారంభమయ్యాయి, ఆంధ్రప్రదేశ్ వంతుకు సూళ్లూరుపేట వచ్చింది. రైలు లైను అలా కాదు. ఒకరు శంకుస్థాపన చేస్తే ఇంకొకరు స్తంభాలు లేపాలి, మూడోవారు గడ్డర్లు ఎక్కించాలి, నాలుగోవారు పచ్చజెండా ఊపాలి. నాలుగోవారి పచ్చజెండా కోసం మొదటివారు డబ్బెందుకు పోస్తారు?

మరుగుదొడ్లు బాగుచేయడం, ముసలివాళ్లకు లిఫ్టు పెట్టడం తప్పని ఎవరూ అనరు. భీమవరంలో మోకాళ్ల నొప్పులతో ఓవర్‌బ్రిడ్జి ఎక్కే మనిషికి లిఫ్టు దేవుడే. అయితే మరుగుదొడ్డి నిర్వహణ పని, పండుగ కాదు. ఇంటికి సున్నం వేసిన ప్రతిసారీ గృహప్రవేశం చేసి ఊరిని భోజనానికి పిలిచేవాడిని చూసి ఏమంటామో రైల్వేను చూసీ అదే అనాలి.

ఈలోగా రాజోలు మనిషి గల్ఫ్ వెళ్లాలన్నా, హైదరాబాదు ఆసుపత్రికి పోవాలన్నా నర్సాపురం ఎక్స్‌ప్రెస్సే దిక్కు. చించినాడ వంతెన మీదుగా బస్సులో పాలకొల్లు పోవచ్చు, లేదంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కవచ్చు. పంటు రేవుకు ముఖద్వారం లేదు, వెయిటింగ్ హాలు లేదు, కళ ఉట్టిపడే శిల్పాలు లేవు. గట్టు మీది నుంచి పంటు మీదికి ఒక ఇనుప పలక దింపుతారు. దాని మీదుగా మోటారు సైకిళ్లు, కొబ్బరి బస్తాలు, గల్ఫు పెట్టెలు, పసిపిల్లలు, పెళ్లివారు అందరూ ఒకేసారి ఎక్కుతారు. ఇంజను చప్పుడు చేస్తుంది. పలక పైకి లేస్తుంది. కాసేపటికి అవతల మాధవాయిపాలెం గట్టున దిగుతారు.