ఎల్‌ఈడీ పద్యానికి సుబేదారీయ వ్యాఖ్య

మూలం

దీపమున్న చోట దిగివచ్చు నెట్టెల్ల
గోడ దాటలేక కూలబడును
పొరుగువాని ఫోను పొంచిచూచిననేమి
ఆర్పినంత వలయు నారిపోవు

అవతారిక

ఈ ఆటవెలది సుబేదారిలో ఒక కిరాయి ఇంటి మెట్ల పక్కన, టూలెట్ బోర్డు కింద బొగ్గుతో రాసి ఉన్నది. కర్త పేరు లేదు. అయినా ఒకటి చెప్పవచ్చు: కవి కిరాయిదారు కాడు, ఓనరు. కిరాయిదారైతే పొరుగువాని ఫోను మీద ఇంత కసి ఉండదు. నిజాం కాలపు సుబేదారు కొలువుండి పేరిచ్చిపోయిన పేటలో, నెట్టుకూ హద్దు గీయాలని ఒకరికి తోచడం అనుచితం కాదు.

మన మెతుకుసీమ కొల్చారం మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని మాట ఇచ్చి కాళిదాసుకు వ్యాఖ్య రాశాడు. ఈ వ్యాఖ్యాత అట్లాంటి మాటేమీ ఇవ్వలేదు.

ప్రతిపదార్థం

దీపము+ఉన్న చోట = ఎల్‌ఈడీ బల్బు వెలుగు గదియందు; నెట్టు+ఎల్ల = వాట్సాపు, యూట్యూబు, ఆన్‌లైన్ క్లాసు మొదలుగాగల సమస్తమును; దిగివచ్చు = కప్పు నుండి క్రిందికి వచ్చును; గోడ దాటలేక = వెలుతురు గనుక ఇటుకను చొరజాలక; కూలబడును = ఆ గదిలోనే నిలిచిపోవును; పొరుగువాని ఫోను = పక్క పోర్షన్ వాని మొబైలు; పొంచిచూచినన్+ఏమి = సిగ్నలు వెతికినను ఫలమేమి; ఆర్పినంత = కరెంటు తీసిన తక్షణమే; వలయున్ = నెట్టు సైతము; ఆరిపోవు = నశించును.

తాత్పర్యం

గదిలో లైటే నెట్టు మోస్తుంది. వెలుతురు ఎందాకనో నెట్టూ అందాకనే. పక్కోనికి చిక్కదు. రాత్రి పదింటికి ఓనరు మెయిను తీస్తే పోరలు పండుకుంటరు.

విశేషాలు

దీనికి లైఫై అని పేరు. ఎడిన్‌బరో విశ్వవిద్యాలయంలో పనిచేసిన జర్మన్ ఆచార్యుడు హెరాల్డ్ హాస్ 2011లో ఒక సభలో టేబుల్ ల్యాంపు పెట్టి, దాని వెలుతురులోంచి వీడియో నడిపించి చూపాడు. ఎల్‌ఈడీని సెకనుకు లక్షలసార్లు హెచ్చించి తగ్గించవచ్చు. కంటికి ఆ రెపరెప తెలియదు, ఎదుట ఉన్న ఫొటోడయోడుకు తెలుస్తుంది. ఆ హెచ్చుతగ్గులే సున్నాలు, ఒకట్లు. వెలుతురు మీద మాట పంపడం అంతకంటే పాతది: గ్రాహం బెల్, ఆయన సహాయకుడు టెయింటర్ కలిసి 1880లో వాషింగ్టన్‌లో ఎండకిరణం మీద గొంతును 213 మీటర్లు పంపారు. టెలిఫోన్ కన్నా అదే తన గొప్ప పని అని బెల్ అనుకునేవాడు. మబ్బు పడితే ఆ ఫోను మూగబోయేది.

పొరుగువాని ఫోనుకే అందదని కవి మురిసిపోతున్నాడు గాని, బజారులో దొరికే మామూలు ఫోన్లలో లైఫై అందుకునే గ్రాహకమే ఉండదు. కనుక ఓనరు ఫోనుదీ అదే గతి. కవి ఈ సంగతి దాచాడు.

ఆక్షేపం: లైఫైకి 2023లో వచ్చిన 802.11బీబీ ప్రమాణం కంటికి కనిపించని పరారుణ కాంతిని, 800 నుండి 1000 నానోమీటర్ల మేర ఉన్నదాన్ని, తీసుకుంది. సెకనుకు 10 మెగాబిట్ల నుండి 9.6 గిగాబిట్ల దాకా వేగం. అట్లాంటప్పుడు గదిలో చీకటి చేసుకొని కూడా సినిమా చూడవచ్చు. నాలుగో పాదం అబద్ధం కాదా?

సమాధానం: కాదు. కవి ఆర్పినంత అన్నాడే గాని స్విచ్చి అనలేదు. మెయిను తీస్తే కనిపించే కాంతీ, కనిపించని కాంతీ రెండూ పోతాయి. కవిని కాపాడడం వ్యాఖ్యాత ధర్మం.

మరొక ఆక్షేపం: వెలుతురు నెట్టుకు గోడే హద్దయితే, 2017 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, గూగుల్ మాతృసంస్థకు చెందిన ఎక్స్ కలిసి, మేడల మీద, టవర్ల మీద పెట్టెలు పెట్టి గాలిలోనే కాంతిపుంజంతో నెట్టు పంపే 2,000 లింకులకు ఒప్పందం ఎట్లా ప్రకటించాయి? తవ్వి కేబుల్ వేయలేని చోటికి అదే దారి. ఆ సాంకేతికతే 2021లో కాంగో నదికి అటు బ్రాజావిల్‌ను, ఇటు కిన్షాసాను 4.8 కిలోమీటర్ల మీదుగా కలిపింది.

దీనికి సమాధానం సులభం కాదు. గోడ అంటే ఇటుక గోడే అని ఎందుకు పట్టుబట్టాలి? ఆ పెట్టెలకు పొగమంచు గోడే, మధ్యలో లేచిన మేడా గోడే. ఇంతకన్నా సాగదీస్తే పద్యం తెగుతుంది.

ఔచిత్య విచారం చేస్తే మాత్రం వ్యాఖ్యాత కవితో కలవడు. రేడియో తరంగాలు పడని ఆసుపత్రి గదికి, గుట్టు బయటికి పొక్కకూడని దఫ్తరుకు ఈ గుణం మేలే. కిరాయి ఇంటికి కాదు. వైఫై గోడ దాటుతుంది గనుకనే పై పోర్షన్ పాసువర్డు కింది పోర్షన్‌కు చేరుతుంది, కింది పోర్షన్ నుంచి మామిడికాయ తొక్కు పైకి వస్తుంది. ఓనరు పద్యం నెగ్గితే ఆ తొక్కు ఆగుతుంది.

పాఠాంతరం

కింది పోర్షన్ ప్రతిలో మూడో పాదం "పొరుగువాని పాసువర్డేలనో యింక" అని ఉన్నది. గణాలు కుదిరాయి, యతి చెడింది. పొ కు వ చెల్లదు. ఇది కిరాయిదారు దూర్చిన ప్రక్షిప్తం. పాసువర్డు అతనికి అప్పటికే తెలుసు.