హార మాహాత్మ్యము

వెనుకటి వర్తకుడు సాయంకాలమున గల్లాపెట్టె ముందఱ కూర్చుండి, చిట్టాలో జమ యెంత, ఖర్చెంత, అరువు పోయినదెంత యని చూచుకొని, మిగిలినది మూటగట్టుకొని యింటికి పోయెడివాడు. మిగులనినాడు మాఱుమాటలేక దీపమార్పి పోయెడివాడు. నేటి సంస్థాధిపతులు అట్టి మోటుతనమును సహింపరు. వారి సమావేశమందిరమున గోడ నిండుగా నొక పట్టిక వెలుగుచుండును. అందు కొన్ని గడులు ఎఱ్ఱనివి, కొన్ని పసుపువి, కొన్ని ఆకుపచ్చనివి. గడిగడికి నొక శాతము, ఆ శాతమునకు దశాంశబిందువు పిమ్మట రెండేసి యంకెలు. ఒక్కొక్క గడికి కేపీఐ యనియు, గడుల సముదాయమునకు స్కోర్‌కార్డనియు వ్యవహారము. దానిని జూచి సంస్థ క్షేమమని యధిపతియు, ఇంక్రిమెంటు క్షేమమని యుద్యోగియు, తమకందేమియు బోధపడలేదన్న సంగతి పొరుగువానికి తెలియకుండునట్లు తక్కిన సభాసదులును గంభీరముగా తలలూపుదురు.

అట్లు భయపడవలసిన పని లేదు. ఈ విద్యకు వలయు గణితము ప్రాథమికపాఠశాల గడప దాటదు. లవమును హారముచే భాగించి నూఱుచే గుణించిన శాతము వచ్చును. శాతములను వాని వాని ప్రాధాన్యభారములచే గుణించి కూడిన స్కోరు వచ్చును. అంతకుమించిన రహస్య మందు లేదు. ఇంత స్వల్పమైన లెక్కతో ఇంత ఘనకార్యములెట్లు సిద్ధించుచున్నవని విచారించిన కొలది, మహిమ యంతయు హారమునందే యున్నదని నాకు దృఢమైన నమ్మకము కలిగినది. లవము పెరుగవలెనన్న నెవడో యొకడు పని చేయవలయును; హారము తగ్గుటకు నొక సమావేశము చాలును.

ఫ్రిజ్జులమ్ము నొక సంస్థకు మాసమున 100 ఫిర్యాదులు వచ్చినవనియు, అందు 80 పరిష్కారమైనవనియు ననుకొందము. టార్గెట్టు 95 శాతము. మఱి పదునైదింటిని పరిష్కరించుట యొక మార్గమే గాని, దానికి మెకానిక్కులు కావలయును, విడిభాగములు కావలయును, అన్నిటికి మించి ఎవరో యొకరు ఫోనెత్తవలయును. ప్రాజ్ఞులు రెండవ మార్గము ననుసరింతురు: మిగిలిన యిరువదింటిలో పదునాఱు ఫిర్యాదులు నిజమునకు ఫిర్యాదులే కావనియు, కేవలము విచారణలనియు తీర్మానింతురు. అప్పుడు 80ని 84చే భాగింపగా 95.24 శాతము వచ్చి గడి యాకుపచ్చబాఱును. ఫ్రిజ్జు మునుపటివలెనే వేడిగా నుండును. దాని యజమాని మాత్రము ఫిర్యాదుదారు పదవినుండి జిజ్ఞాసువు పదవికి ప్రమోషను పొందియుండును.

ఇది మన దేశపు విద్య యనుకొని గర్వింప వీలులేదు. అమెరికా రవాణాశాఖ లెక్కలో నిర్ణీతకాలమునకు పిమ్మట 15 నిమిషములు నిండకమునుపు చేరిన విమానము సకాలమున చేరినట్లే. అదియుం జాలదని తోచిన విమానసంస్థలు ఇంజనుల వేగము పెంచుటకు బదులు టైంటేబుల్లో ప్రయాణకాలమునే పొడిగించినవి. ఆలస్యమును ముందుగనే టైంటేబుల్లో చేర్చినయెడల దానికి ఆలస్యమను పేరెట్లు వచ్చును? ఇంగ్లండులో ఈ శతాబ్దారంభమున, అత్యవసరవిభాగమునకు వచ్చిన రోగిని నాలుగు గంటలలోపల చేర్చుకొనుటయో పంపివేయుటయో జరుగవలెనని నిబంధన పెట్టగా, గడియారము నాలుగవగంటను సమీపించు ఆ తుదినిమిషములందే రోగులు విశేషముగా కదలుచున్నారని లెక్కలు చూచినవారు కనుగొనిరి.

శాతమునకు మఱియొక గుణము కలదు. అది యెవరితో మాటలాడుచున్నదో కనిపెట్టి మాటలాడును. లాభము అమ్మకములలో 2 శాతమునుండి 3 శాతమునకు పెరిగినదనుకొందము. వాటాదారుల సభలో నది 50 శాతపు వృద్ధి. బోనసు నడుగవచ్చిన సిబ్బందికి ఒక్క పాయింటు వృద్ధి. రెండును సత్యములే, ఏ ఆడిటరును తప్పు పట్టజాలడు. మఱియు, ఒక యేట 50 శాతము పడి, మఱుసటి యేట 50 శాతము లేచిన వ్యాపారమును సగటు చూచినచో వృద్ధియు క్షయమును సున్న యని వచ్చును. కాని 200 లక్షలు 100 లక్షలై, 100 లక్షలు 150 లక్షలై, నాలుగవ వంతు మాయమై యుండును. పడుటలో హారము 200, లేచుటలో హారము 100 అని సభలో నెవడైన లేచి చెప్పిన, 'నెగటివుగా ఆలోచింపవద్ద'ని వానికి హితవు చెప్పుదురు.

స్కోర్‌కార్డుల జన్మవృత్తాంతము చెప్పకున్న దోషము. 1992లో హార్వర్డ్ బిజినెస్ రివ్యూ పత్రికలో రాబర్ట్ కప్లన్, డేవిడ్ నార్టన్ అను నిరువురు, ధనలెక్కలు జరిగిపోయినదానిని మాత్రమే చెప్పునని తలచి, సంస్థను నాలుగు దిక్కులనుండి చూడవలెనని ప్రతిపాదించిరి: ధనము, ఖాతాదారు, లోపలి పనితీరు, నేర్చుకొనుట. ఆ యాలోచన మంచిదే. వారియెడ నాకు గౌరవమే కాని వేఱొకటి లేదు. చిక్కంతయు, ఆ నాలుగింటిని గలిపి యొక్క సంఖ్యగా చేయవలెనను కోరిక పుట్టినప్పుడు వచ్చినది. మొదటి మేనేజరుకు నాలుగు దిక్కులందును వరుసగా 90, 60, 70, 60 మార్కులు. రెండవవానికి 65, 85, 75, 75. నాలుగింటికిని సమానభారమిచ్చిన మొదటివానికి 70, రెండవవానికి 75. ధనమునకు 55, తక్కినవానికి 15 చొప్పున భారమిచ్చిన మొదటివానికి 78, రెండవవానికి 71. కూడికలో తప్పు లేదు, గుణకారములో తప్పు లేదు. ఎవరికి బహుమతిగా కారు రావలెనన్నది మాత్రము గుణకారమునకు ముందటి సాయంకాలమే నిశ్చయమైనది. పూర్వము పక్షపాతము చేయదలచిన అధికారికి సిగ్గుతోకూడిన ధైర్యము కొంత కావలసియుండెడిది. ఇప్పుడు ఎక్సెల్ షీటు చాలును, ఎవరైన నిష్ఠూరమాడిన కంప్యూటరును చూపవచ్చును.

కర్మాగారములవా రీ విషయమున కొంత మోటువారు, అందుచేత కొంత సత్యవంతులు. యంత్రము నడువవలసిన కాలములో ఎంతకాలము నడిచినది, నడిచినంతసేపు ఎంత వేగముతో నడిచినది, చేసిన వస్తువులలో ఎన్ని మంచివి యని మూడు భాగములు కట్టి, జపానుదేశస్థుడైన సీయిచి నకజిమా చెప్పినట్లు, వానిని కూడక గుణింతురు. మూడును 90 శాతములైనచో ఫలము 72.9 మాత్రమే, అందులో నేదైన నొకటి సున్నయైన మొత్తమంతయు సున్నయే. ఆఫీసులలో గుణింపరు, కూడుదురు. కూడికయందు పరమదయ కలదు: ఖాతాదారులందఱును పాఱిపోయినను, శిక్షణతరగతులకు హాజరు నిండుగా నున్నచో సగటు నిలుచును.

ఖాతాదారుని మనస్సు కొలుచుటకై 2003లో ఫ్రెడ్ రైకెల్డ్ అను నాయన యొక సూచిని ప్రకటించెను. 'మా సంస్థను మీ స్నేహితునకు సిఫారసు చేయుదురా?' అని యడిగి సున్ననుండి పదివఱకు మార్కు వేయింతురు. 9, 10 వేసినవారు ప్రచారకులు. 7, 8 వేసినవారు ఉదాసీనులు. 6 మొదలు సున్నవఱకు వేసినవారందఱును నిందకులు. ప్రచారకుల శాతమునుండి నిందకుల శాతము తీసివేసిన వచ్చునదే స్కోరు. దీని గణితము కడు రసవంతము. అందఱును 8 వేసిన స్కోరు సున్న. సగముమంది 10 వేసి, సగముమంది సున్న వేసి కోర్టుకెక్కినను స్కోరు సున్నయే. అందఱును సున్న వేసినచోట ఒక పుణ్యాత్ముడు రాత్రింబవళ్లు శ్రమించి వారినందఱిని ఆఱువఱకు తెచ్చినను, మైనస్ 100 మైనస్ 100గానే యుండును. వారినందఱిని ఆఱునుండి ఏడునకు ఒక్క మెట్టెక్కింపగలిగినవానికి ఒక్కసారిగా నూఱు పాయింట్లు లాభము. కావున వివేకి యైనవాడు సున్న వేసినవాని గుమ్మము త్రొక్కడు.

ఇంతకన్న చిక్కు మన తెలుగువారితో. మన విశ్వవిద్యాలయములందు నూటికి 60 వచ్చినవాడు ఫస్టుక్లాసువాడు. వానికి వీధిలో మర్యాద, పెండ్లిసంబంధములలో గిరాకి. 75 వచ్చినచో డిస్టింక్షను, బంధువులకు మిఠాయి. ఇట్టి సంప్రదాయమున పెరిగిన పెద్దమనిషి, ఇంటికి వచ్చి ఏసీ బాగుచేసిన కుఱ్ఱవానిని మెచ్చి ఉదారముగా 6 వేసినచో, ఆ పాశ్చాత్యగణితము ఆయనను నిందకుల పంక్తిలో కూర్చుండబెట్టును. అందుచే నా కుఱ్ఱవాడు గుమ్మము దిగకమునుపే, 'సార్, పదికి తక్కువ వేస్తే మాకు సున్నా కిందే లెక్క సార్, కొంచెం పది నొక్కండి' అని బ్రతిమాలుకొనును. ఆయన నొక్కును. ఏసీ చల్లదనమునకును ఆ పదికిని గల సంబంధమును హెడ్డాఫీసులో నెవరును పరిశోధింపరు.

సూచీపురాణములందెల్ల మిన్నయైన ఘట్టము అమెరికాలోని వెల్స్ ఫార్గో బ్యాంకుది. ఒక్కొక్క కుటుంబమునకు సగటున 8 ఖాతాలు, కార్డులు, ఋణములు అంటగట్టవలెనని యా బ్యాంకువారు టార్గెట్టు పెట్టుకొనిరి. ఎనిమిదియే యేల యన్న ప్రశ్నకు 2010 వార్షికనివేదికలో అధిపతి జాన్ స్టంఫ్ ఇచ్చిన సమాధానము నాకు మిక్కిలి నచ్చినది: ఇంగ్లీషులో 'ఎయిట్' అనుమాటకు 'గ్రేట్'తో అంత్యప్రాస కుదురునట. ప్రాసకొఱకు అర్థమును బలియిచ్చిన కవులు మన సాహిత్యమున లేకపోలేదు. కాని ప్రాసకొఱకు లక్షలాది కుటుంబముల జేబులలో కార్డులు త్రోసిన మహాకవి నింతకుముందెఱుగము. గుమాస్తాలకు దినదినము లెక్క చెప్పవలసివచ్చెను. ఆ లెక్కలో హారము కుటుంబముల సంఖ్య. అది గుమాస్తా చెప్పినట్లు వినదు. లవము ఖాతాల సంఖ్య. దానికి ఖాతాదారు సంతకము కావలయును గాని, ఖాతాదారుడు ప్రత్యక్షముగా నుండవలెనను నియమమేమి? 2016 సెప్టెంబరులో గుట్టు బయటపడునప్పటికి, అనుమతి లేకయే తెరువబడి యుండవచ్చునన్న ఖాతాలు సుమారు 20 లక్షలు. మఱుసటి యేడు మఱల లెక్కింపగా 35 లక్షలు. సుమారు 5,300 మంది యుద్యోగులు పోయిరి, బ్యాంకునకు 18.5 కోట్ల డాలర్ల జరిమానా పడెను, 2016 అక్టోబరులోనే స్టంఫ్ కూడ పదవి విడిచెను. 2020లో మఱల 300 కోట్ల డాలర్లకు రాజీ కుదిరెను. ఆ సంవత్సరములందెల్ల స్కోర్‌కార్డులో ఆ గడి చూడముచ్చటగా నుండెడిది.

ఒక కొలతను పట్టుకొని పాలన చేయబూనినచో ఆ కొలత నడక మాఱిపోవునని చార్లెస్ గుడ్‌హార్ట్ అను బ్రిటిషు ఆర్థికవేత్త 1975లోనే, ద్రవ్యవిధానమును గూర్చి వ్రాయుచు చెప్పెను. ఆ మాటను నేడు ప్రతి మేనేజ్‌మెంటు శిక్షణలోను నొక స్లైడుగా చూపుదురు. శిక్షణానంతరము, ఆ స్లైడు ఎంతమందికి అర్థమైనదో తెలుపు శాతమును కేపీఐలో వ్రాసికొందురు.

ఇక దశాంశబిందువు పిమ్మటి రెండంకెలు. ఒక శాఖలో ఏడుగురు ఖాతాదారులు అభిప్రాయము తెలిపిరి. అయిదుగురు బాగున్నదనిరి, అనగా 71.43 శాతము. వచ్చు మాసము నలుగురే బాగున్నదనిరి, 57.14 శాతము. పదునాలుగు పాయింట్ల పతనమునకు కారణమేమని జూమ్‌లో అత్యవసరసమావేశము జరుగును; కారణము ఒక్క పెద్దమనిషి ఆనాడు నిద్ర చాలక చిరాకుగా నుండుట. వాల్తేరులోని ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి కలకత్తా చేరిన మన సి.ఆర్. రావుగారు 1945లోనే, చేతనున్న దత్తాంశములలో నెంత సమాచారమున్నదో దానిని మించిన నిశ్చయమును పక్షపాతములేని యే యంచనాయు నీయజాలదని నిరూపించిరి. స్వీడనుదేశపు హరాల్డ్ క్రామేర్ పేరుతో జోడించి లోకము దానిని వారి పేరనే పిలుచుచున్నది. అయితే ఆ సిద్ధాంతము పక్షపాతములేని యంచనాలకు సంబంధించినదగుటచే, మన స్కోర్‌కార్డులకు వర్తింపదని యాక్షేపింపవచ్చును.

మాదాపూరులోను గచ్చిబౌలిలోను అప్రైజల్ మాసము వచ్చినదనగా ఇండ్లలో పూజలు హెచ్చును. ప్రతి జట్టును బెల్ కర్వ్ అను గంటయాకారపు వక్రరేఖలో నిమడ్చవలెనని కొన్ని సంస్థల నియమము. జనరల్ ఎలక్ట్రిక్ అధిపతి జాక్ వెల్చ్ ప్రచారము చేసిన లెక్క ప్రకారము నూటికి 20 మంది ఉత్తములు, 70 మంది మధ్యములు, 10 మంది సాగనంపదగినవారు. మైక్రోసాఫ్ట్‌వారు ఇట్టి పద్ధతితో విసిగి 2013లో విడిచిరి గాని, విడువనివా రింకను కలరు. ఆ రేఖ అసంఖ్యాకములైన యాదృచ్ఛికవిషయములందు సహజముగా నేర్పడునది. అయిదు రౌండ్ల యింటర్వ్యూలలో ఏఱి యేఱి తెచ్చుకొన్న ఎనిమిదిమందియందు అదెట్లేర్పడునని యడుగరాదు. ఎనమండుగురిలో 10 శాతమనగా మనుష్యునిలో పదింట ఎనిమిది వంతులు. సాఫ్ట్‌వేరు దయతో దానిని సవరించి ఒకనిగా చేయును. ఆ యొకడు పోవును. తెలివిగల మేనేజరు మార్చి మాసమునకు ముందే ఆ జట్టును నలుగురేసి చొప్పున రెండు జట్లుగా చీల్చును: నలుగురిలో 10 శాతము పదింట నాలుగు వంతులు, సవరించిన సున్న, రెండు సున్నలు కలిసి సున్న, ఎవ్వరును పోనక్కఱలేదు. ఈ కిటుకు హెచ్‌ఆర్‌వారి కంటబడకపోదు. భాగమెంత స్వల్పమైనను పై పూర్ణాంకమునకే సవరింపవలెనని యుగాదిలోపల సర్క్యులరు వచ్చును. అప్పుడు నలుగురిలో నొకడు చొప్పున, రెండు జట్లలోను ఇద్దఱు పోవుదురు. పోయినవారు 25 శాతము, నివేదికలో మాత్రము పదియే.