అడుగుతీగెలు: ఒక డ్రమ్ము ఆత్మకథ

కొట్టినప్పుడే నేను పలుకుదునని లోకులు తలంతురు; అది నిజము కాదు. పదునాలుగంగుళముల వ్యాసముగల ఉక్కువలయమునకు పైన నొక పొరయు, క్రింద నంతకంటె పలుచనిదగు వేఱొక పొరయు బిగించి, ఆ క్రిందిపొర నంటి యుండునట్లు ఇరువది సన్నని చుట్టుతీగెలను వరుసగా లాగి కట్టిన వాద్యమును నేను. రాక్ సంగీతమువారు నన్ను స్నేర్ అందురు. పెండ్లి బ్యాండువారు సైడు డ్రమ్మందురు. గదిలో మఱియెవ్వరు పాడినను, మీటినను, తలుపు దబాలున వేసినను, ఆ గాలికదలిక నా పొరకు సోకి, తీగెలు తమంత తామే గరగరలాడును. ఇది దోషమని తలచి, నా ప్రక్కనున్న చిన్న మీటను త్రిప్పి తీగెలను పొరనుండి ఎడము చేయువారు కలరు. నా బ్రదుకున ముఖ్యమైనదంతయు ఆ దోషము చుట్టును తిరిగినది కావున దానినే మొదట విన్నవించుకొంటిని.

నేను పుట్టినది మీరట్ నగరమున జాలీకోఠీలో. పెండ్లి ఊరేగింపులకు వలయు బాకాలును డ్రమ్ములును తరతరములుగా తయారగుచుండు తావది. అచ్చటినుండి రైలెక్కి చిత్తూరు చేరి, ఒక బ్యాండుమేళమున తొమ్మిదేండ్లు ఊడిగము చేసి, పైపొర చినిగి, అంచులు త్రుప్పుపట్టి, మేళగాని యింటి అటుకమీద పడియుండగా, ఒకనాడొక కుఱ్ఱవాడు వచ్చి నన్ను బేరమాడెను. వాని తండ్రి పలక వాయించువాడు. కొయ్యవలయమునకు తోలు బిగించిన ఆ పలక లేక మా సీమలో జాతర సాగదు, ధర్మరాజుగుడి కడ భారతపు తిరునాళ్ళు సాగవు, శవము లేవదు. చావునకు పిలిపించుకొని, వాయింపించుకొని, వాయించినవానిని మాత్రము దూరముగా నిలుపు మర్యాదను ఆ కుఱ్ఱవాడు చిన్ననాటినుండి చూచియుండెను. పలక కొట్టుటకు ముందు తోలును మంటకు కాచుదురు. కాచిననే అది గట్టిగా పలుకును. నాకు వేసిన క్రొత్తపొర ప్లాస్టిక్‌ది, దానికి కాక అక్కఱలేదని యెఱిగియు, వాయించుటకు ముందు నన్ను అరచేతితో గుండ్రముగా రుద్ది వెచ్చచేయుట వాని అలవాటయ్యెను. నన్ను ముట్టినవారిలో అట్లు చేసినవాడు వాడొక్కడే.

చదువునకై వాడు తిరుపతికి వచ్చుచు నన్నును తెచ్చెను. కపిలతీర్థమునకు పోవు త్రోవలో నొక మిద్దెగదియందు నలుగురు స్నేహితులు చేరిరి. 1954లో వెలసిన శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయమున తెలుగు ఎం.ఏ. చదువువాడు గాయకుడు, గిటారువాడు తిరుపతివాడే, గంగమ్మగుడి వీధిలో పుట్టినవాడు, బేస్ గిటారు వాయించువాడు మదనపల్లెవాడు, టమోటా రైతు కొడుకు. వెల పడిపోయిన యేట పంటను గంపలతో రోడ్డుప్రక్క పారబోసి వచ్చిన తండ్రినిగూర్చి ఆ మదనపల్లెవాడు కట్టిన పాటయే వారికి పేరు తెచ్చినది. ఇరుగుపొరుగుల నిద్ర చెడకుండుటకై గోడలనిండ కోడిగ్రుడ్ల అట్టలు అంటించిరి. వానకాలమున కపిలతీర్థపు జలపాతము హోరున పడుచుండగా, లోపల మేమంతకంటె హోరుగా నుండెడివారము.

వారికి తగవులు లేకపోలేదు. ఎక్కువయు ఒక్కదానిని గూర్చియే. మూడవ చరణమునకు వచ్చుసరికి మావాని చేయి త్వరపడును. గిటారువాడు సెల్‌ఫోనులో మెట్రోనోమును పెట్టి, "నిమిషానికి నూటపదితో మొదలుపెట్టి నూటఇరవైకి పోతావేమిరా?" అని ప్రతిదినమును అడుగును. మావాడు నవ్వి ఊరకుండును. కార్తికమాసపు వాన కురియుచున్న యొక రాత్రి మాత్రము నవ్వలేదు. మాటకు మాట పెరిగెను. చివర గిటారువాడు, "నువ్వు లేకున్నా వాయించుకుంటాంలే, పో!" అనెను. మావాడు పుల్లలను నామీద పెట్టి, లేచి, మోటారుసైకి లెక్కి చిత్తూరికి బయలుదేరెను. డెబ్బది కిలోమీటర్ల త్రోవ. పాకాల దాటినపిమ్మట, వెనుకదీపము లేక రోడ్డున నిలిచియున్న లారీని వాడు చూడలేదు.

ఊరందరి చావులకును వాయించిన తండ్రి ఆ దినము పలకను ముట్టలేకపోయెనట. ప్రక్కయూరివారు వచ్చి వాయించి, కొడుకును సాగనంపిరట.

మిగిలిన ముగ్గురు పదునాఱవ దినమున గదికి వచ్చిరి. ఏడ్చెదరని తలంచితిని, తగవులాడిరి. దుఃఖము తన మొగముతో రాజాలనప్పుడు కోపపు మొగము తగిలించుకొని వచ్చునని నాకప్పుడు తెలిసినది. గాయకుడు, ఇక చాలునన్నాడు. 1980 సెప్టెంబరులో డ్రమ్మరు జాన్ బోనమ్ చనిపోగా, లెడ్ జెపెలిన్‌వారు అంతటి కీర్తిని, అంతటి సంపదను వదలుకొని, అతడు లేక మేము లేమని డిసెంబరులో లోకమునకు చెప్పి విరమించిరి. మనమంతకంటె గొప్పవారమా యనెను. మదనపల్లెవాడు ఒప్పుకొనలేదు. ఆ యేడే ఫిబ్రవరిలో ఏసీడీసీవారి గాయకుడు బాన్ స్కాట్ చనిపోయెను. వారు బ్రయన్ జాన్సన్‌ను తెచ్చుకొని, అయిదు నెలలకే అట్టనంతయు నలుపుచేసి, గంటానాదముతో మొదలుపెట్టి, చనిపోయినవానికి నివాళిగా ఒక ఆల్బమును విడుదల చేసిరి. మానుట ప్రేమయైనచో అది ప్రేమ కాదా యని యతడడిగెను. గాయకుడు మరల తన చదువులోనికి పోయి, 1920లో దివాకర్ల తిరుపతిశాస్త్రి గతించిన వెనుక చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి మఱి ముప్పదియేండ్లు బ్రదికియు, తానొక్కడే వ్రాసినదానిని సైతము తిరుపతివేంకటకవులను జంటపేరుతోనే వెలువరించెనని చెప్పెను. ఆ మాట ఎవరి పక్షమునకు సాక్ష్యమగునో చెప్పినవానికే తెలియలేదు. అందఱు నొక్క క్షణము మౌనముగా నుండిరి. నా దృష్టిలో ఆనాడు పలికిన మాటలలో అదియొక్కటియే తగవు కాదు.

గిటారువాడు మాత్రము ఏమియు అనలేదు. మదనపల్లెవాడు వాదమున కంతము చూపుటకో యేమో, బేస్ తీసికొని ఆ టమోటా పాట మొదటి స్వరమును మీటెను. ఆ స్వరము నా పొర స్వరమునకు సరిపోవును. మూలనున్న నేను, ఎవ్వరును కొట్టకయే, గర్రుమని పలికితిని. ముగ్గురు నావైపు తిరిగిరి. గిటారువాడు లేచి వచ్చి, వడవడ వణకు చేతితో మీటను త్రిప్పి నా తీగెలను జాఱవిడిచెను. "వాన్ని గూడా ఇట్లే నోరు మూయించినావు గదరా!" అని గాయకుడు వానిని చెంపమీద కొట్టెను. గిటారువాడు తిరిగి కొట్టలేదు; దిగిపోయెను. ఆ సాయంకాలము పడిన తాళము ఆఱునెలలు తీయలేదు. పొరమీద దుమ్ము పేరుకొనుచుండగా, బోరుబావి మోటారు మ్రోగినప్పుడెల్ల నా తీగెలు మునుపటివలె గరగరలాడగోరి, పొర నందుకొనలేక ఊరకుండెను.

వైశాఖమున గంగమ్మజాతర వచ్చెను. తరువాతి సంగతులను నేను కన్నులార చూడలేదు. ఆ గదిలో వారు చెప్పుకొనగా వింటిని. ఆడవారిని చెఱబట్టు పాలెగానిని వెదకుటకై గంగమ్మ దినమున కొక వేషము వేసినదని తిరుపతివారు చెప్పుకొందురు. అందుచే భక్తులు బైరాగివేషమునకు తెల్లసుద్దయు, బండవేషమునకు కుంకుమయు, తోటివేషమునకు బొగ్గును, దొరవేషమునకు గంధమును పూసికొని, వేపమండలు కట్టుకొని వీధులు తిరుగుదురు. ఎవ్వరి నెంత తిట్టినను ఆ దినములలో తప్పులేదు. తిట్టే అమ్మకు అర్పణము. దొరవేషమున గంగమ్మ పాలెగానిని సంహరించును. ఆ పిమ్మటి దినపు మాతంగివేషమును గూర్చియే నేను తరచుగా తలపోయుచుందును. చంపిన గంగమ్మయే మఱునాడు మాతంగియై పోయి, పాలెగాని భార్యను ఓదార్చునట. ఓదార్చుటకు వేఱొకరిని పంపదు.

గిటారువానికి చిన్ననాటి మ్రొక్కుండెను; ఏటేట వేషము వేయవలసినదే. దొరవేషము నాడు మేనెల్ల గంధము పూసికొని పోవుచుండగా, వీధిమలుపున పలకలు వాయించువారిలో మావాని తండ్రి యుండెను. కొడుకు పోయిన తరువాత ఆయన పలక పట్టుట అదియే మొదటిసారి. గిటారువాడు ఆ దినము పలుకరింపలేక పోయెను. మాతంగివేషము నాడు, గంధము కడిగికొని, ఒట్టిమొగముతో పోయి, ఆయన ముందు నిలిచి, "ఆ రాత్రి పొమ్మనింది నేనే నాయనా" అనెను.

పెద్దాయన చాలసేపు పలుకలేదట. పిదప, "నేను మాత్రం? పుట్టిన కాన్నుంచీ పో పో అని తరిమింది నేనే గదా అబ్బయ్యా. ఈ పలక నీకొద్దు, తిరుపతికి పోయి చదువుకో పో అని" అనెను. ఆపైన, "వాడు వాయించింది ఏడుండాదో చూపించు" అని యడిగెను.

గిటారువాడు ఇద్దరికిని ఫోను చేసెను. ఎవ్వరి కేమి చెప్పెనో నే నెఱుగను. చీకటిపడు వేళకు తాళము తీసిన చప్పుడైనది. ముగ్గురును, వెనుక పెద్దాయనయు వచ్చిరి. ఆయన నా యెదుట కూర్చుండి, తన పైపంచెతో దుమ్ము తుడిచి, అరచేతితో గుండ్రముగా రుద్దెను. కొడుకు చేయి ఎక్కడ నేర్చినదో నాకప్పుడు తెలిసినది. జాఱియున్న తీగెలను వ్రేలితో తడవి, "దీని గొంతెందుకు కట్టేసినారు?" అనెను. గిటారువాడే వచ్చి మీటను పైకెత్తెను. గాయకుడు వాని భుజముమీద చేయి వేసి, తీయక నిలిచెను.

పలక చెమ్మగిల్లియుండెను. మిద్దెమీద పాతపేపర్లు మంటవేసి కాచి తెచ్చి, పెద్దాయన నిలుచుండియే దరువెత్తుకొనగా, మదనపల్లెవాడు బేస్ అందుకొనెను. గాయకుడు టమోటా పాట పాడెను. మొదటి చరణము నెమ్మదిగా, రెండవది నెమ్మదిగా సాగెను. మూడవ చరణమునకు పలక త్వరపడెను. జాతరలో అమ్మ పూనినప్పుడు దరువు పరుగెత్తునట్లే, ఎవ్వరును తప్పని యనుకొననట్లే, పరుగెత్తెను. గిటారువాడు తల యెత్తి పెద్దాయన చేతివైపు చూచెను. వాని కన్నులు నిండినవి; చేయి నిలువలేదు. ఆ పరుగును పట్టుకొని వెంట పోయెను. పుల్లలు ఆ రాత్రి పెట్టినచోటనే నామీద నున్నవి. వానిని ఎవ్వరును తీయలేదు. వాని క్రింద నేను, కొట్టువారు లేకయే, పాటంతయు మ్రోగుచునే యుంటిని.