మిగతా నాలుగు బిందెలు

గౌరవనీయులైన నీళ్ల లెక్కల అధికారి గారికి,
నంద్యాల జిల్లా సున్నిపెంట వాస్తవ్యుడొకడు నమస్కరించి రాసుకునే బహిరంగ లేఖ.

విషయం: మా వీధి కాలువను కూడా లెక్కలో వేసుకోవాలని.

అయ్యా,

కృష్ణ నీళ్లకు లెక్క చెప్పడంలో తమరిని మించినవారు లేరు. శ్రీశైలం డ్యాంలోకి ఎన్ని క్యూసెక్కులు వచ్చాయి, ఎన్ని పోయాయి, మట్టం 885 అడుగులకు ఎంత దూరంలో ఉంది, అన్నీ తెల్లారేసరికి పేపర్లో ఉంటాయి. ఆఖరికి పూడికకు కూడా లెక్కుంది. ఒకప్పుడు 308 టీఎంసీలు పట్టిన జలాశయం ఇప్పుడు 215 టీఎంసీలకే నిండుతోందని తేల్చిందీ తమవంటివారే.

అంతటి తమ కంటికి మా వీధి చివర పారే పాయ ఒక్కటే ఆనలేదు. స్నానాల నీళ్లు, అంట్ల నీళ్లు, టిఫిన్ బండ్ల ఎంగిలి నీళ్లు, నిండిన సెప్టిక్ ట్యాంకుల పొర్లు, ఇవన్నీ దాని ఉపనదులు. శివరాత్రికీ కార్తీకానికీ యాత్రికులు పెరిగితే దానికి వరద. డ్యాంకున్నట్టు 12 గేట్లు లేవు కాబట్టి, తెరవడం మూయడం అనే బాధ లేదు. గట్టి వాన పడితే కొండవాలు పట్టుకుని కృష్ణ వైపు దిగిపోతుంది.

ఆమధ్య ఒక ఆఫీసులో అడిగితే పక్క ఆఫీసుకు వెళ్లమన్నారు. పక్కవారు మళ్లీ మొదటివారినే చూపించారు. ఉమ్మడి రాష్ట్రానికొచ్చిన 811 టీఎంసీల్లో 512 ఇటు, 299 అటు అన్న పంపకం మీద రెండు రాష్ట్రాలు “మావి, మావి” అని కొట్లాడుకుంటుంటే, మా కాలువ నీళ్లను రెండు ఆఫీసులు “మీవి, మీవి” అని ఒకరికొకరు ధారపోసుకుంటున్నాయి. ఇంత త్యాగబుద్ధి ఏ ట్రిబ్యునల్ ముందూ చూడలేదు.

తాతకు దగ్గులు నేర్పడం అనుకోకపోతే ఒక మాట. ఊళ్ల అవసరాలకు నదిలోంచి తోడిన నీటిలో 20 శాతాన్నే వాడకం కింద రాయాలని కృష్ణ నీళ్లు పంచిన బచావత్ ట్రిబ్యునల్ చెప్పింది. అంటే అయిదు బిందెలు తోడితే నాలుగు బిందెలు తిరిగి నదికే చేరతాయని లెక్క. చేరతాయి, నిజమే. ఏ రంగులో చేరతాయన్నదే ఆ లెక్కలో లేదు. చేబదులు తెచ్చిన బియ్యాన్ని ఊకా రాళ్లూ కలిపి అదే శేరుతో కొలిచిస్తే పొరుగింటావిడ ఊరుకుంటుందా? మా పొరుగిల్లు దిగువనున్న నాగార్జునసాగర్. అక్కడి నీళ్లు హైదరాబాదు కూడా తాగుతుంది. ఆ నగరంలో ఉద్యోగాలు చేసుకునే మా పిల్లలు పుట్టినూరి నీళ్లు మరిచిపోకుండా ఇలా చూసుకుంటున్నాం కాబోలు.

పెద్ద కోరికలేమీ లేవు. 1963లో నెహ్రూ గారు శంకుస్థాపన చేసిన డ్యాం కోసం వెలసిన ఊరు మాది. కృష్ణకే అడ్డుగోడ కట్టిన శాఖలకు నాలుగు గుంతలు తవ్వడం లెక్కా? మొదటి దాంట్లో చెత్త ఆపి, మడ్డి పేరుకోనివ్వాలి. తర్వాతి రెండింట్లో ఎండా గాలీ తగిలితే కంటికి కనపడని క్రిములే మురికిని తినేస్తాయి. చివరిదాంట్లో కంకర పరిచి జమ్ము, మెట్టతామర నాటితే ఆ వేళ్లే వడగడతాయి. ఊరు కొండమీదుంది కనుక వాలే మోటారు. సెప్టిక్ ట్యాంకులు తోడే బండికి కూడా ఒక చోటు చూపించండి. చుట్టూ ఉన్నది పులుల అడవి. పులి అర్జీ పెట్టుకోలేదు.

నదిలోకి వదిలే నీటిలో, మురికిని కొలిచే బీవోడీ లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదని రూలుంది. మా కాలువలో అది ఎంతుందో కొలిచి, డ్యాం మట్టం పక్కనే రోజూ పేపర్లో వేయించండి. తక్కినవి వాటంతటవే కదులుతాయి.

ఇట్లు,
తమ లెక్కల్లో లేని
ఒక సున్నిపెంటవాసి

తా.క.: చెంచుల మాటలో పెంట అంటే గూడెం. కిందివూళ్లవాళ్లు ఇంకో అర్థం తీసి నవ్వుతారు. ఇన్నేళ్లూ వాళ్లతో వాదించి గెలుస్తూ వచ్చాను. ఈమధ్య చుట్టాలొస్తే వాదన పెట్టుకోవడం లేదు. మా వీధి చివరిదాకా పోనివ్వకుండా చూసుకుంటున్నాను, అంతే.