పాలపన్ను పర్వం

కోడిపుంజు ఓడిపోయినందుకు ఒక రాజ్యం ఏడేళ్ళు ఊరు విడిచిన సీమ ఇది. మాచర్లవాళ్ళు వలస పోవడానికీ, ఆ తర్వాత కారంపూడిలో నెత్తురు పారడానికీ వెనకాల పందెంలో ఓడిన పుంజొకటి ఉంది. ఆ కథను ద్విపదకెక్కించిన శ్రీనాథుడు విద్యాధికారిగా వెలిగింది పెదకోమటి వేమారెడ్డి ఏలిన కొండవీట్లో. ఆ కొండలు ఎడ్లపాడు మీదికి ఈనాటికీ తొంగి చూస్తూనే ఉన్నాయి. కాబట్టి ఈ ఊళ్ళో ఒక గిత్త నోట్లో ఊగులాడుతున్న పాలపన్ను మీద కావ్యం కడతానంటే నవ్వే హక్కు పల్నాటివాళ్ళకు లేదు. మిగతావాళ్ళు నవ్వుకోవచ్చు.

కావ్యమన్నాక పురవర్ణన తప్పదు, త్వరగా కానిచ్చేద్దాం. ఊరి నడుమ గంగాప్రవాహంలా పదహారో నంబరు జాతీయ రహదారి. అందులో మకరాలు, తిమింగిలాలు అనదగిన లారీలు. వాటి వీపుల మీద గుంటూరు యార్డుకు పోయే మిర్చి టిక్కీలు, మిల్లులకు పోయే పత్తి బేళ్ళు. చుట్టూ స్పిన్నింగు మిల్లుల రొద, నల్లరేగడి చేలు, గాలి తిరిగినప్పుడల్లా పౌరులకు ఆనందబాష్పాలు తెప్పించే మిరప ఘాటు. ఇక ప్రజలంటారా, సంక్రాంతి నుంచి వాళ్ళందరూ ఒకే ప్రశ్న మీద బతుకుతున్నారు.

బండలాగుడు పోటీలు పండక్కి మొదలై, శివరాత్రి తిరునాళ్ళ మీదుగా, ఉగాది, శ్రీరామనవమి దాకా ఊరు మారుతూ సాగుతాయి. రెండు పళ్ళ విభాగంలో ఒక జత అన్నిచోట్లా ఫస్టు కొట్టుకుంటూ వస్తోంది. ఆఖరిదాకా కొడుతుందా? టీ కొట్టు దగ్గర ఈ ప్రశ్న లేవగానే గ్లాసులు గాల్లో ఆగిపోతాయి. "కొడతయ్యంటావా మావా?" అని ఒక కుర్రవాడు అడుగుతాడు. మావ బీడీ దులిపి, ఆకాశం కేసి చూసి, "పళ్ళు నిలవాల్రా అబ్బాయ్" అంటాడు. డెల్ఫీలో దేవవాణి కూడా ఇంతకంటే తికమకగా పలికి ఉండదు.

ఆ జత పేరు చెప్పను. అచ్చులో పడితే దిష్టి తగులుతుందని యజమాని భయం, ఆయన భయం నాకు శిరోధార్యం. రూపం మాత్రం చెప్పి తీరాలి. వెన్నెలను వడగట్టి పూసినట్టున్న ఒళ్ళు. కావ్యనాయికలు కాటుక డబ్బా వెతుక్కునే చోట, పుట్టుకతోనే నల్లని రెప్పలు. మూపురమంటారా, కొండవీటి శిఖరాలు దాన్ని చూసి కుళ్ళుకుంటాయని చెప్పడం అతిశయోక్తే, అయినా చెప్పేశాను. మెడకింద గంగడోలు మడతలు మడతలుగా వేలాడుతూ, నడిచినప్పుడు పీఠాధిపతి పట్టుశాలువాలా ఊగుతుంది. ఈ ఒంగోలు జాతి పౌరుషం మన దగ్గరే ఆగిపోలేదు. సముద్రం దాటి బ్రెజిల్ వెళ్ళి, అక్కడ నెల్లూరు పేరుతో 'నెలోరె'గా వంశవృక్షాలు పెంచింది. 1960ల్లో ప్రకాశం జిల్లా కరవది పేరు మోసుకుపోయిన కోడె ఒకటి అక్కడి మందలకు మూలపురుషుడయింది. దానికి అక్కడ దక్కిన మర్యాద చూస్తే మన ఆస్థానకవులు ఈర్ష్యపడతారు.

మరి మన వీరుల వైభోగం? పొద్దున్నే ఉడికించిన ఉలవలు, తవుడు, పత్తి చెక్క, జొన్న చొప్ప. యజమాని మనవడికి జలుబు చేస్తే అల్లం రసంతో సరిపెడతారు, గిత్త తుమ్మిందంటే పశువుల డాక్టరుకు ఫోను పోతుంది. ట్రాక్టరు వచ్చి వీటి చేతిలోంచి, అంటే మెడ మీంచి, నాగలి లాగేసుకుంది. దున్నే పని పోయిన ఈ కులీనులకు ఇప్పుడు ఏడాదికి కొన్ని నిమిషాల ఉద్యోగం. జీతం ఉలవల్లో.

ఆ నిమిషాలే యుద్ధఘట్టం. దీని తీరు తెలియనివాళ్ళు రెండు జతలు పక్కపక్కన పరిగెత్తుతాయనుకుంటారు. కాదు. చీటీ తీస్తారు, వంతు వచ్చిన జత ఒక్కటే బరిలో దిగుతుంది. కాడికి గొలుసు, గొలుసుకు రాతిబండ. ఈ కొసన సున్నం గీత, ఆ కొసన సున్నం గీత. విజిల్ పడిన దగ్గర్నుంచి గడువు అయ్యేదాకా గీతకూ గీతకూ మధ్య బండను ఈడుస్తూ, మలుపు తిప్పుతూ ఎన్ని అడుగులు లాగితే అంత. మెడలో గజ్జెలు, వెనకాల అదిలింపులు, మైకులో వ్యాఖ్యాత వీరావేశం, ఫోన్లు పైకెత్తిన అక్షౌహిణులు. అంతా అయ్యాక, అంత కోలాహలాన్నీ నోరు మూయిస్తూ, బరిలోకి ఒక టేపు నడిచి వస్తుంది.

ఆ టేపు పట్టిన మనిషిని చూడాలి. ఒక మోకాలు నేలకు ఆనించి, బండ ముందంచు దగ్గర వేలు పెట్టి, ఊపిరి బిగబట్టి చదువుతాడు. వేల అడుగులు లాగిన జతల మధ్య తీర్పు చెప్పేది ఆఖరి అంగుళాలు. మలుపులో దాపటి గిత్త ఒక డెక్క పక్కకు వేసిందా, అంగుళాలు అక్కడే రాలిపోతాయి. ముందు లాగిన జత వేప చెట్టు కింద తీరిగ్గా నెమరు వేస్తూ ఉంటుంది. ఎక్కడో మైకులో మరో జత అంకె చదువుతారు, అంతే, ఈ వీరులు నెమరు మధ్యలోనే సింహాసనం దిగిపోతారు. ఆ సంగతి వాటికి తెలియదు. నమలడం ఆపవు. కురుక్షేత్రంలో ఏ రథికుడికీ ఇంత సుఖమైన ఓటమి దొరకలేదు.

కావ్యం మర్యాద కాస్త పక్కన పెట్టి ఒక మాట. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టునూ ఎడ్లబండి పందేలనూ నిషేధించినప్పుడు పశువుకు పెట్టే హింసను గురించి గట్టిగానే చెప్పింది. 2023 మే 18న ఆ పోటీలను అనుమతించే మూడు రాష్ట్రాల సవరణ చట్టాలను సమర్థించినంత మాత్రాన ఆ మాటలు చెరిగిపోలేదు. చర్నాకోల తగ్గించి గొంతు పెంచే తోలరి నా లెక్కలో అతిరథుడు. కొట్టి లాగించేవాడి గెలుపుకు నా దగ్గర విశేషణాలు లేవు.

ఇక అన్నీ గెలవడం అనే దురాశ విషయానికి వద్దాం. ఇది ఒక్క ఎడ్లపాడు జబ్బు కాదు. గుర్రప్పందేలంటే మనకు మలక్‌పేట గుర్తొస్తుంది గానీ, ఈ వ్యాధికి పెద్దాసుపత్రి అమెరికా. కెంటకీ డెర్బీ, ప్రీక్‌నెస్, బెల్మాంట్, ఈ మూడూ ఒకే ఏడు గెలిచిన గుర్రానికి ట్రిపుల్ క్రౌన్. 1919లో సర్ బార్టన్ మొదలు 2018లో జస్టిఫై దాకా అది దక్కింది 13 గుర్రాలకే. 1973లో సెక్రటేరియట్ అనే మహానుభావుడు మైలున్నర బెల్మాంటును 2 నిమిషాల 24 సెకన్లలో ముగించి, రెండోదాన్ని 31 గుర్రాల పొడవు వెనక వదిలేశాడు. మన టేపు మనిషికి అక్కడ పనే లేదు. 1978లో అఫర్మ్‌డ్ తర్వాత 2015లో అమెరికన్ ఫారో వచ్చేదాకా 37 ఏళ్ళు కిరీటం ఖాళీ. మధ్యలో 2012లో ఐల్ హావ్ అనదర్ రెండు పందేలు గెలిచి, మూడోదానికి ముందురోజు ముంగాలి నరం వాచి ఇంటికి పోయింది. ప్రత్యర్థి ఓడించి ఉంటే పద్యం వచ్చేది. నరం వాస్తే ఏం రాస్తారు?

ఆ మూడు పందేలూ మూడేళ్ళ గుర్రాలకే. అందుకే ఒక గుర్రానికి జన్మలో ఒకే ఏడు అవకాశం. ఉత్తరార్ధగోళంలో ఆ జాతి గుర్రాలన్నింటికీ, ఏ నెలలో పుట్టినా సరే, జనవరి 1నే ఒక ఏడు పెరుగుతుంది. దొరల లెక్క, క్యాలెండరు చెప్పినట్టు నడుస్తుంది. మన గిత్తకు క్యాలెండరు లేదు, పన్ను ఉంది.

ఓ పాలపన్నూ, నిన్ను ఏమని వర్ణించను? గోజాతికి పైదవడ ముందు భాగాన పళ్ళే ఇవ్వని బ్రహ్మ, కింద మాత్రం ఎనిమిది పేర్చి చేతులు దులుపుకున్నాడు. రెండేళ్ళు దాటాక వాటిలో నడిమి జత రాలి పెద్ద పళ్ళు రెండు మొలుస్తాయి. అప్పటికి గిత్త 'రెండు పళ్ళు వేసింది' అంటారు. మరో ఏడాదికి అటో ఇటో పక్క జత రాలుతుంది. అప్పుడది నాలుగు పళ్ళ వీరుడు. బండ బరువెక్కుతుంది, ఎదుటి జతలు ముదురుతాయి, నిన్నటి చక్రవర్తి కొత్త తరగతిలో వెనక బెంచీ విద్యార్థి. అంటే, గెలుపుల వరసను తెంచేది పక్కూరి జత కాదు, చీటీ కాదు, ఎండ కాదు. బియ్యపు గింజ కంటే కాస్త పెద్దదైన నువ్వు.

పోటీకి ముందు నోరు తెరిపించే ఘట్టం ఉంది చూశారూ, అదీ ఈ కావ్యానికి విశ్వరూప సందర్శనం. కమిటీ పెద్దాయన కళ్ళజోడు సర్దుకుని, కింది పెదవిని బొటనవేలితో వంచి, లోపలికి చూస్తాడు. యశోదకు పద్నాలుగు భువనాలు కనిపించిన చోట ఈయనకు నాలుగో పన్ను మొన కనిపించిందా లేదా అన్నదే ప్రశ్న.

"చిగురు దాటింది."

"యాడ దాటింది బాబాయ్? అది చొప్ప ఇరుక్కుంది."

"చొప్ప తెల్లగా ఉంటదంటరా?"

వాదం శాస్త్రాల మీదుగా, వంశాల మీదుగా పోయి, మధ్యవర్తి టీ తెప్పించేదాకా ఆగదు. గిత్త మాత్రం పెద్దాయన వేలిని ఉప్పుగా ఉందేమోనని ఒకసారి నాకి చూస్తుంది.

అందువల్ల మన యజమాని శివరాత్రి ముందునుంచే నిద్ర మానేశాడు. అర్ధరాత్రి కొట్టంలోకి వెళ్ళి సెల్‌ఫోను లైటు వేసి నోరు చూస్తాడు. భార్య లెక్క ప్రకారం, పిల్లలకు పళ్ళొచ్చినప్పుడు ఆయన ఇంట్లోనే లేడు. ఎలపటి గిత్త పన్ను కదులుతోంది, దాపటిది రాయిలా నిలిచి ఉంది. ఇంతకంటే ఘోరం ఇంకేముంది? రెండూ ఒక్కసారే ఎదిగితే జత జతగా పై విభాగానికి పోతుంది. ఒకటి ఎదిగి ఒకటి ఎదగకపోతే, ఒకే కాడి కింద పెరిగిన ఈ రామలక్ష్మణులు చెరో విభాగంలో పడతారు.

నన్నడిగితే ఈ జత వరస ఉగాది దాటదు. మావ శ్రీరామనవమి దాకా అంటాడు, ఆయన గిత్త మీద కాదు, యజమాని వాదన మీద నమ్మకం పెట్టుకున్నాడు. యజమాని మాత్రం ఎవరి జోస్యానికీ ఆగలేదు. కంబైండ్ జత కట్టడమనే రాజనీతి ఉండనే ఉంది: ఇద్దరు యజమానులు, చెరో గిత్త, ఒకే కాడి, గెలిస్తే మైకులో ఇద్దరి పేర్లూ. సంధి కోసం చిలకలూరిపేట అవతల నుంచి అద్దంకి దాకా ఫోన్లు పోతున్నాయి. అవతలివాళ్ళు ఉత్సాహంగా తమ కోడె నిలబడ్డ ఫోటో, నడిచే వీడియో, పూలదండ వేసుకున్న ఫోటో పంపుతున్నారు. ఈయన అన్నింటికీ ఒకటే జవాబు పెడుతున్నాడు: "మూపురం తర్వాత చూస్తాలే అన్నా, ముందు నోరు తెరిచి పళ్ళ ఫోటో పెట్టు. కింది వరస. లైటేసి తియ్యి."