అర్ధసైనికుని విన్నపము

ఐక్యరాజ్యసమితి మొదటి కమిటీలో రష్యా విదేశాంగశాఖ ప్రతినిధి కొన్స్తాంతిన్ వొరొన్త్సోవ్ గారు 2022 అక్టోబరులో సెలవిచ్చిన మాట చెవిని బడినది మొదలు నా కాళ్లు నేలమీద నిలుచుట లేదు. యుక్రెయిన్ యుద్ధమున అక్కఱకు వచ్చుచున్న పాశ్చాత్య వర్తకుల ఉపగ్రహములు పూర్తిగా పౌరవస్తువులు కావట, అర్ధపౌరములట, వానిపై ప్రతీకారము తీర్చుకొనుట ధర్మసమ్మతమే కావచ్చునట. కళాశాలలో ఎన్‌సీసీ కవాతునందు ఎడమకాలేదో కుడికాలేదో తెలియక వెనుకవరుసకు నెట్టబడిన నేను, అరువదవ యేట, చొక్కా యైనను మార్చకుండ, జేబులోని ఫోను పుణ్యమున సగము సైనికుడనైతిని. ఏలయన, నాకు త్రోవ చూపు జీపీఎస్ అమెరికా అంతరిక్షసేన నడుపునది. సేనతో పొత్తు కలిసినవాడు సేనలోనివాడే కదా!

నా తోడి సిపాయిలను చూడుడు. మిలిటరీ హోటలునుండి బిర్యానీ పొట్లము వీపున గట్టుకొని, ఫోనులోని పటము చూచుకొనుచు మా సందునకు వచ్చు కుఱ్ఱవాడు హోటలు పేరునుబట్టి యొక సగము, పటమునుబట్టి మఱియొక సగము, వెరసి పూర్తి సైనికుడు. కావున సర్కారువారికి నా విన్నపము: అర్ధసైనికులకు సగము జీతము, సగము పింఛను, మిలిటరీ క్యాంటీనులో సగము సీసా రమ్ము తక్షణమే మంజూరు చేయవలెను.

పతకములు మాత్రము మొదట జర్మనీ గాలిమరలకు దక్కవలెను. 2022 ఫిబ్రవరి 24న రష్యా సేనలు యుక్రెయిన్‌లో అడుగిడుటకు గంటకు ముందు, ఆ దేశపు సైన్యమును ఐరోపా గృహస్థులును కలిసి వాడుకొనుచున్న కేఏ-శాట్ ఉపగ్రహముపై సైబర్ దాడి జరిగెను. ఆకాశమందలి ఉపగ్రహమునకు గీతయైన పడలేదు. నేలమీది యంత్రాంగములో సరిగా బిగింపని వీపీఎన్ తలుపుగుండ దూరిన దొంగలు వేలకొలది ఇండ్లలోని మోడెముల జ్ఞాపకమును తుడిచివేసిరి. ఆ దెబ్బకు జర్మనీ కంపెనీవారి 5,800 గాలిమరలకు యజమానులతో మాట పడిపోయెను. అవి మాత్రము, ఆసామి ఊరికి పోయినను గానుగ చుట్టు తిరుగు ఎద్దువలె, తమపాటికి తాము తిరుగుచునే యుండెను. శత్రువు ముట్టడించినను స్థానము విడువని యిట్టి ధీరులకు పరమవీరచక్రమైన చాలునా?

పరిహాసమున కొక మేర గలదు. సైన్యము వాడుకొను ఉపగ్రహము జోలికి శత్రువు పోరాదని నేను వాదింపను. కాని పౌరులకు కలుగు నష్టమును ముందుగా త్రాసులో తూచి చూడవలెనని 1977 నాటి జెనీవా అదనపు ఒడంబడిక శాసించుచుండగా, ఆ త్రాసును ఎత్తుకొనిపోవుటకే కల్పించిన మాట యీ "అర్ధపౌరము". సైన్యమువద్ద నొక కిరాయి, గృహస్థువద్ద నొక కిరాయి వసూలు చేసికొను వర్తకుడు మాత్రము తక్కువ తిన్నాడా? "అయ్యా, మీ యింటి కప్పుమీది పళ్లెము రేపు రణరంగమగును" అని చందా కట్టించుకొనునాడు ఒక్క ముక్క చెప్పెనా? లాభము పంచుకొన్నవారు ఇద్దరు. దెబ్బ తినువాడు మూడవవాడు. వాని నడిగినవాడు ఒక్కడును లేడు.

సగము సగమని పలుకువారికి ఉపగ్రహమును సగము కూల్చు విద్య తెలియునా? 2021 నవంబరు 15న రష్యా తన కాస్మోస్ 1408 ఉపగ్రహమును తానే క్షిపణితో పేల్చివేయగా 1,500కు పైగా శకలములు చెల్లాచెదరయ్యెను. అంతరిక్షకేంద్రములోని వ్యోమగాములు ప్రాణభీతితో తమ తమ నౌకలలోనికి దూరి తలదాచుకొనవలసి వచ్చెను. వారిలో ఇద్దరు రష్యనులు. తమ దేశము విసిరిన రాయి తమ నెత్తిమీదికే వచ్చుచుండగా ఆ యిరువురును ఏ పాళ్లలో పౌరులో, ఏ పాళ్లలో సైనికులో వొరొన్త్సోవ్ గారు లెక్కగట్టి చెప్పుదురు గాక.